ఇంటి తెరమీద క్వాయ్ నది వంతెన

పాత గ్రంథమును చదువగోరు వానికి మంచి ప్రతి కావలెనని యందఱు నొప్పుకొందురు. పుటలు చినిగి, పంక్తులు లోపించి, అచ్చుతప్పులతో నిండిన ప్రతిని చదివి గ్రంథకర్తను నిందించువానిని మనము న్యాయమెఱుగని వాడందుము. చలనచిత్రముల విషయమున మాత్రము మనకీ వివేకము తఱచుగా నుండదు. అరిగిపోయిన వీడియో క్యాసెట్టులోనో, టెలివిజను కొఱకు కత్తిరించిన ప్రతిలోనో ఒక గొప్ప చిత్రమును చూచి, "ఇంతేనా!" యని పెదవి విఱుతుము. ఆ తీర్పు చిత్రమునకు చెందునా, ప్రతికి చెందునా యని విచారింపము. డెబ్బది యేండ్లకు సమీపించిన చిత్రము నేడు మన యూరి సినిమాహాలునకు రాదు. బడిపిల్లలకును వారి తలిదండ్రులకును ఇంటి తెరయే దానికి సినిమాహాలు. కావున ఇంట చూచు ప్రతి యెట్టిదను ప్రశ్న చిల్లర ప్రశ్న కాదు.

ఈ మాటకు దృష్టాంతముగా "ది బ్రిడ్జ్ ఆన్ ది రివర్ క్వాయ్" అను యుద్ధచిత్రమును గైకొనుచున్నాను. ఫ్రెంచి రచయితయగు పియర్ బూల్ 1952వ సంవత్సరమున ప్రకటించిన నవల దీనికి మూలము. శామ్ స్పీగెల్ నిర్మాతగా, డేవిడ్ లీన్ దర్శకుడుగా, సింహళద్వీపమున కితుల్గల అను గ్రామమునొద్ద, కెలని నదిమీద నిజమైన కొయ్యవంతెనను కట్టి దీనిని తీసిరి. 1957 అక్టోబరులో లండను నగరమున మొదట ప్రదర్శింపబడినది. నిడివి 161 నిమిషములు. ఉత్తమచిత్రము, ఉత్తమదర్శకుడు మొదలుగా ఏడు అకాడమీ బహుమానములను బడసినది.

కథ ననేకు లెఱుగుదురు. బర్మా, సయాము దేశములను కలుపు రైలుమార్గమును జపానువారు యుద్ధఖైదీలచే కట్టించుచుందురు. శిబిరాధిపతి కర్నల్ సైటో, అధికారులు కూడ కూలిపని చేయవలెనని యాజ్ఞాపించును. బ్రిటిషు ఖైదీల నాయకుడగు కర్నల్ నికల్సన్ జెనీవా ఒడంబడికను చూపి, చేయమనును. ఇనుప రేకుల గుడిసెలో నెండకు మాడియు లొంగక, తుదకు గెలుచును. గెలిచిన పిమ్మట నాతడు చేసిన పనియే యీ కథకు ప్రాణము. తన సైనికుల క్రమశిక్షణను నిలుపుటకై, శత్రువు తలపెట్టిన వంతెనను శత్రువు కట్టగలిగిన దానికంటె మేలుగా కట్టి యిచ్చుటకు పూనుకొనును. అదే సమయమున ఆ వంతెనను కూల్చుటకు అతని పక్షము వారే అడవిదారిని వచ్చుచుందురు. పని చక్కగా చేయవలెనని మనము పిల్లలకు నిత్యము బోధింతుము. ఆ పని యెవరి కొఱకు అను ప్రశ్నను అంత తఱచుగా వేయము. ఆలెక్ గిన్నెస్ నికల్సన్ పాత్రను ధరించిన తీరు చూచినవాడు ఈ ప్రశ్నను మఱవలేడు.

ఇక ప్రతుల సంగతి. ఈ చిత్రమును సినిమాస్కోపు పద్ధతిలో తీసిరి. ఆ పద్ధతిలో చిత్రము తీయు యంత్రమునకు ఒక ప్రత్యేకమైన కటకమును బిగింతురు. అది విశాలమైన దృశ్యమును ప్రక్కలనుండి సగమునకు నొక్కి ఫిలిముమీద నిలుపును. హాలులో ప్రదర్శించు యంత్రపు కటకము దానిని మఱల సాగదీసి తెరపై పఱచును. ఈ చిత్రమున తెర యెత్తు ఒక పాలైన, వెడల్పు 2.55 పాళ్లు. పూర్వపు టెలివిజను పెట్టెలో ఎత్తు ఒక పాలునకు వెడల్పు 1.33 పాళ్లు మాత్రమే. ఎత్తు తగ్గకుండ ఆ పెట్టెను నింపవలెనన్న, బొమ్మలో నూటికి 52 పాళ్లు మిగులును. 48 పాళ్లు పోవును. టెలివిజనులోను, క్యాసెట్టులలోను పలువురు ఏండ్ల తరబడి చూచినది ఈ సగము చిత్రమే. ఏ సగము కనబడవలెనో దర్శకుడు నిర్ణయింపలేదు. ఎచ్చటనో యొక గదిలో కూర్చున్న ఉద్యోగి, మాట్లాడువాని ముఖము దొరకిన చాలునని, చిన్న కిటికీవంటి చట్రమును బొమ్మమీద ఇటునటు జరుపుచు నిర్ణయించెను.

డేవిడ్ లీన్ వెడల్పును అలంకారము కొఱకు వాడలేదు. శిబిరపు మైదానమును తలచుకొనుడు. ఒకవైపున సైటో, మఱియొకవైపున నికల్సన్, అతని వెనుక ఎండలో కదలక నిలుచున్న అధికారుల వరుస. ఆ యిద్దఱి నడుమ నున్న ఖాళీస్థలమే యచ్చటి సంభాషణ. చట్రమును నికల్సన్ ముఖమునకు జరిపినచో సైటో పోవును. సైటోకు జరిపినచో వరుస పోవును. వరుస పోయిన, నికల్సన్ మొండితనము ఒక్కని మొండితనముగా కనబడునేగాని, దానికొఱకు ఎండలో కూలుచున్నవారు కనబడరు. తుది ఘట్టమును చూడుడు. రాత్రి నదిలో నీరు తీయుటచే, ప్రేలుడు సామగ్రికి కట్టిన తీగ తెల్లవారుసరికి ఇసుకమీద బయటపడును. వంతెనమీద నికల్సన్, క్రింద ఒడ్డున పొంచియున్న యువకుడు, నడుమ ఆ తీగ, దూరమున వచ్చుచున్న రైలు. ఇవన్నియు ఒకదానికొకటి ఎంత దూరమున నున్నవో కంటికి తెలిసినప్పుడే చూచువాని గుండె కొట్టుకొనును. సగము తెరలో అది వట్టి గందరగోళము.

ఈ తప్పు క్యాసెట్టులతోనే గతించినదనుకొనరాదు. కొన్ని యేండ్ల క్రిందట ఒక పట్టణమున విద్యార్థుల కీ చిత్రమును చూపుచుండగా నేనును చూచితిని. తెర పెద్దదే, యంత్రము క్రొత్తదే, డిస్కును మంచిదే. పైన, క్రింద నల్లని పట్టీలు కనబడుట నచ్చక, నడపువాడు మీట నొక్కి బొమ్మను తెరనిండ పెంచెను. నేటి వెడల్పు టెలివిజనుమీద అట్లు పెంచినచో నూటికి 30 పాళ్లు ప్రక్కలకు జాఱిపోవును. కొంతసేపటికి ముందువరుసలోని బాలుడు, "మాట్లాడుచున్నది ఎవరండీ?" యని యడిగెను. ప్రశ్న సమంజసమే. మాట్లాడువాడు తెర వెలుపల నుండెను. నల్లని పట్టీలు దోషము కావు. పుస్తకమున అచ్చు చుట్టు విడిచిన తెల్లకాగితము వంటివవి. ఆ ఖాళీ దండుగయని అక్షరములను లాగి అంచువఱకు అచ్చువేయు ముద్రాపకుని ఎవరైన మెత్తురా?

డి.వి.డి. రూపమున 2000వ సంవత్సరమున వచ్చిన ప్రతి వెడల్పు నంతటిని తిరిగి యిచ్చినది. అది గొప్ప మేలు. అయినను అమెరికా పద్ధతి డి.వి.డి.లో పైనుండి క్రిందికి 480 గీతలే యుండును. నల్లని పట్టీలకు పోగా ఈ చిత్రమునకు దక్కునవి సుమారు 335. 2010లో వచ్చిన బ్లూ-రే డిస్కులో అవి సుమారు 750. 2017లో, చిత్రమునకు అఱువదియేండ్లు నిండిన సందర్భమున వెలువడిన 4కె డిస్కులో సుమారు 1,500. అంకెలు విసుగు పుట్టించును గాని, వాని యర్థము సులభము. డి.వి.డి.లో పచ్చని మరకగా కనబడిన అడవి బ్లూ-రేలో ఆకులుగా విడును. 4కె డిస్కులో ఆ యాకులమీది తడియు తెలియును. సూర్యాస్తమయ వేళ నికల్సన్ వంతెన కంచెమీద చేయివేసి, తన యిరువది యెనిమిదేండ్ల కొలువును గూర్చి సైటోతో చెప్పుకొను దృశ్యమొకటి కలదు. పాత ప్రతులలో ఆ యాకాశము ఎఱ్ఱగా పులిమినట్లుండును. మంచి ప్రతిలో వెలుగు మెల్లగా తగ్గుచుండును. ఆతని మాటల బరువు ఆ తగ్గుటలో నున్నది.

2010 నాటి ప్రతి కొఱకు సోనీ సంస్థవారు మొదటి నెగెటివునే తీసికొని, ఫ్రేము వెంట ఫ్రేముగా 4కె ప్రమాణమున కంప్యూటరులోనికి ఎక్కించిరి. నకలుకు నకలు తీసిన ప్రింటునుండి కాక మూలమునుండి పని చేయుటయే యిందలి గొప్ప. ఏలయన ప్రతి నకలునందును కొంత నునుపు, కొంత వివరము పోవును. ఆనాటి రంగు ఫిలిము కాలక్రమమున వెలియును; తఱచుగా వాడుటచే గీతలు పడును, చినుగును. వీనిని సవరించుటకు ఓర్పును, అంతకుమించి నిగ్రహమును కావలెను.

నిగ్రహమని యేల యంటిననగా, ఈ ప్రతిని చూచిన కొందఱు దానిని తప్పుపట్టుచున్నారు. బొమ్మమీద సన్నని యిసుక చల్లినట్లు రేణువులు కదలుచున్నవనియు, నేటి చిత్రములవలె అద్దమంత నునుపుగా లేదనియు వారి ఫిర్యాదు. ఒక దృశ్యము కరగి వేఱొక దృశ్యముగా మాఱుచోట బొమ్మ కొంచెము మొద్దుబాఱుననియు అందురు. ఇవి రెండును నిజమే. కాని రేణువులు దుమ్ము కావు. ఫిలిముమీద బొమ్మ ఏర్పడినదే ఆ రేణువులతో. యంత్రముచే వానిని తుడిచివేయవచ్చును. అప్పుడు గిన్నెస్ ముఖము మైనపుబొమ్మవలె నగును; గుడిసెనుండి వెలువడి తూలుచు నడచునప్పటి ఆ యెండిన చర్మము మాయమగును. దృశ్యములు కరగుచోట మొద్దుదనమునకు కారణమేమన, ఆనాడు అట్టి మార్పును రెండు బొమ్మలను కలిపి నకలు నెగెటివు తీసియే చేసెడివారు. ఆ చోట్ల నకలే మూలము. దానికంటె మేలైనది ప్రపంచమున లేదు. తొలినాటి సినిమాస్కోపు కటకములు దగ్గఱనుండి తీసిన ముఖములను కొంచెము వెడల్పు చేసెడివి. దానిని సన్నగిలజేయుమని కోరుటయు తగదు. చిత్రముతో పుట్టినదానిని ఉంచవలెను, తరువాత తగిలిన దెబ్బను మాన్పవలెను. గీత దెబ్బ, రేణువు పుట్టుక. ఈ భేదము నెఱిగి పనిచేసిన వారిని నేను మెచ్చుకొందును. ధ్వనిని గూర్చి విస్తరింపను. ఖైదీలు ఈలవేయుచు శిబిరములోనికి నడచివచ్చు "కర్నల్ బోగీ" అను 1914 నాటి పదగీతమునకు మాల్కమ్ ఆర్నాల్డ్ జతచేసిన వాద్యసంగీతము, మంచి స్పీకర్లుండిన, గదిలో నలుదెసల నుండి నడచివచ్చినట్లే యుండును.

అయితే ఈ పునరుద్ధరణములో నాకు మిక్కిలి నచ్చినది రంగు కాదు, గీతలు మాన్పుటయు కాదు. చిత్రకథను ఆంగ్లమున వ్రాసినవారు కార్ల్ ఫోర్మన్, మైకేల్ విల్సన్ అను ఇద్దఱు. ఆనాడు అమెరికాలో కమ్యూనిస్టులన్న యనుమానము సోకినవారికి హాలీవుడ్‌లో పని లేదు. రహస్యముగా పని దొరకినను పేరు తెరమీద పడదు. 1957లో తెరమీద రచయితగా పియర్ బూల్ పేరు పడెను. ఉత్తమరచన బహుమానమును ఆయనకే యిచ్చిరి. ఆయన ఆ యాంగ్లరచనలో నొక పుటయు వ్రాసినవాడు కాడు. 1984లో అకాడమీవారు నిజమైన రచయితల నంగీకరించి బహుమానము వారిదని ప్రకటించిరి. విల్సన్ 1978లోనే గతించెను; ఫోర్మన్ ఆ 1984లోనే గతించెను. పునరుద్ధరించిన ప్రతులలో ఆ యిద్దఱి పేర్లను తెరమీద చేర్చిరి. ఒక ఫ్రేములోని గీతను చెఱపుటకంటె ఇది పెద్ద మరమ్మతు. ఇరువదియేడేండ్లు ఆలస్యమైనను పేరు పేరే.

పేర్లనగానే మఱియొక లెక్క మనసునకు వచ్చును. ఎంత మంచి ప్రతియైనను ఫిలిముమీద పడనిదానిని చూపజాలదు. సయాములోని బాన్‌పాంగ్ నుండి బర్మాలోని తన్బ్యూజయత్ వఱకు 415 కిలోమీటర్ల నిజమైన రైలుమార్గమును 1942, 1943 సంవత్సరములలో కట్టించిరి. అందు అఱువదివేలకు పైబడిన మిత్రరాజ్యముల యుద్ధఖైదీలు పనిచేయగా, వారిలో పండ్రెండువేలకు మించి మరణించిరి. ఇది ఘోరమే. కాని అదే మార్గమున పనిచేసిన ఆసియాఖండపు కూలివారు రెండులక్షల వఱకు నుండిరని అంచనా. వారిలో చనిపోయినవారు సుమారు తొంబదివేలని చరిత్రకారులు తఱచుగా చెప్పుదురు. బర్మీయులు, మలయావారు, జావావారు, మలయా రబ్బరుతోటలలోని భారతీయులు. ఆ తోటలలోని భారతీయులలో తమిళులు అధికసంఖ్యాకులు. విశాఖపట్టణము, గోదావరి మండలములనుండి వలసపోయిన తెలుగువారును గలరు. మంచి కూలి యిత్తుమని కొందఱిని నమ్మించి, తరువాత బలవంతముగ పట్టుకొని, రైలుపెట్టెలలో కుక్కి వారిని సయామునకు చేర్చిరి. సైనికులకు తమ అధికారులుండిరి, తమ వైద్యులుండిరి, రహస్యముగా వ్రాసికొన్న దినచర్యలుండినవి. కూలివారికి ఇవేవియు లేవు. 1943 వర్షములలో కలరా వచ్చినప్పుడు వారి శిబిరములు శిబిరములే తుడిచిపెట్టుకొనిపోయెను.

చిత్రమున వంతెన కట్టువారు బ్రిటిషు సైనికులే. ఈ కూలివారికి కథలో చోటు లేదు. ఇది ప్రతిలోని లోపము కాదు, చిత్రములోని లోపము. ప్రతి స్వచ్ఛమైన కొలది లోపమును స్వచ్ఛముగనే కనబడును. కల్పితకథకు చరిత్రను అంటగట్టి అడుగుట న్యాయమా యని కొందఱనవచ్చును. బ్రిటిషువారికిని ఈ కల్పన మేలు చేయలేదు. తమర్కాన్ శిబిరమున వంతెనలు కట్టినవారికి నాయకుడైన లెఫ్టినెంటు కర్నల్ ఫిలిప్ టూసీ, నికల్సన్‌వలె శత్రువునకు గొప్ప వంతెనను కట్టియిచ్చి గర్వించినవాడు కాడు. తనవారి ప్రాణములను కాపాడుటకును, చాటుగా పనిని చెఱచుటకును పాటుపడినవాడు. అచ్చటి వంతెనలను కూల్చినది అడవిదారిని వచ్చిన సాహసికులు కాదు. 1944, 45లలో విమానములు. పైగా ఆ వంతెనలు క్వాయ్ నదిమీద లేవు. మేక్లాంగ్ నదిమీద నుండెను. చిత్రమును చూచి వచ్చిన యాత్రికులు క్వాయ్ నది యేదని యడుగుచుండగా, 1960 తరువాతి యేండ్లలో థాయ్‌లాండు ప్రభుత్వమువారు ఆ నది భాగమునకే క్వాయ్ యాయ్ అని పేరు మార్చిరి. నది పేరును మార్పగలిగిన కల్పనను, "కల్పనయే గదా" యని విడిచిపెట్టుట కుదురదు.

కావున నేను కోరునవి రెండు. ఈ చిత్రమును ఇంటగాని బడిలోగాని చూపువారు పూర్తి వెడల్పుగల ప్రతిని తెచ్చి, నల్లని పట్టీలను అట్లే యుండనిత్తురు గాక. ప్రకటించువారు, రచయితల పేర్లను చేర్చిన చేతితోనే, చిత్రారంభమునకు ముందు ఒక పుటను చేర్చి, ఆ మార్గమును ఎవరెవరు కట్టిరో, ఎందఱు చనిపోయిరో తెల్పుదురు గాక. ఫిలిములో నొక్క ఫ్రేమును ముట్టనక్కఱలేదు. డిస్కులో చోటు చాలదనుటకు వీలులేదు. తీసిన విధమును గూర్చి గంటకొలది కబుర్లకు చోటు దొరకుచున్నది.

ఆ పుట చేరువఱకు పని ఉపాధ్యాయునిది. చిత్రారంభమున ఆకాశమున నొక పక్షి తిరుగును, అడవి కనబడును, పిమ్మట రైలుదారి ప్రక్క కొయ్యసిలువలు వరుసగా కనబడును. పాత క్యాసెట్టులో అవి కఱ్ఱపుల్లలవలె నుండెను. క్రొత్త ప్రతిలో ఒక్కొక్కటి విడివిడిగా తెలియును. కాంచనబురి పట్టణమున నేడు సుమారు 7,000 మంది సైనికుల సమాధులు, చాలవఱకు పేర్లతో, పచ్చిక నడుమ చక్కగా నున్నవి. తెరమీది సిలువలను పిల్లలు చూచుచున్నప్పుడు చిత్రమును ఒక్క నిమిషము నిలిపి, ఆ 7,000 ప్రక్కన, తోటలనుండి పోయి తిరిగిరాని కూలివారి సంఖ్యను నల్లబల్లమీద వ్రాయవచ్చును.